బాసరా, కొండగట్టా?

పోలీసులు దొంగ పేషెంటును పంపి పట్టుకుంటారని సదానందానికి బాగా తెలుసు. అందుకే ఆదిలాబాద్‌లోని తన ఆస్పత్రికి కడుపుతో వచ్చే ప్రతి ఆడమనిషినీ ముందు తన కళ్లతోనే ఒకసారి స్కాన్ చేసేవాడు. మెడలో పుస్తె పాతదా కొత్తదా, కాళ్లకు మట్టెలున్నాయా, వెంట వచ్చింది నిజంగా అత్తేనా అని చూసేవాడు.

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. ఆ నేరం మీదే ఆస్పత్రికి రెండో అంతస్తు లేచింది. అయినా ఆ మాట ఆయన నోటి నుంచి ఎన్నడూ రాలేదు. స్కానింగ్ చేసే మనిషిని కూడా సొంతంగా పెట్టుకోలేదు. కరీంనగర్‌లోని ఓ ఏజెన్సీ నుంచి తెప్పించుకునేవాడు. రేపు ఏదైనా జరిగితే తప్పంతా వాళ్ల నెత్తిన రుద్దొచ్చు.

ఈసారి ఏజెన్సీ పంపిన పిల్ల పేరు ఆమని. వచ్చిన రోజే సదానందం ఆమెను పిలిచి, మీసం దువ్వుకుని "కొండగట్టు" అన్నాడు. తర్వాత చేతికి గాజులు తొడుక్కున్నట్టు చూపించి "బాసర" అన్నాడు.

"స్కానింగ్ అయినంక దర్శనానికి యాడికి పోవాల్నో చెప్పు, చాలు."

ఆమని బుద్ధిగా తలూపింది. కానీ అప్పటి నుంచి అందరినీ కొండగట్టుకే పంపుతోంది. సదానందానికి అది మింగుడు పడలేదు. మగపిల్లాడని తెలిస్తే మిఠాయి పంచి ఇంటికి పోతారు. ఆడపిల్లయితేనే కదా ఆస్పత్రికి రెండో పని దొరికేది!

"ఏందమ్మా, జిల్లాల అందరికీ మగపిల్లలేనా?"

"మిషన్ల కనవడ్డదే చెప్తున్న సార్."

ఆ పొద్దు బోథ్ నుంచి దేవవ్వ తన కోడలు సృజనను తీసుకొచ్చింది. సృజనకు ఇప్పటికే ఓ ఆడపిల్ల. మొగుడు దుబాయ్‌లో ఉన్నాడు. కోడలు తలెత్తడం లేదు, అత్త మాత్రం ఆగకుండా ప్రశ్నలు వేస్తోంది. సదానందానికి అనుమానం తగిలింది.

"బోథ్‌ల గీ యేడు పత్తి ఎట్లుందవ్వా?"

"ఏడ్సినట్టుంది బిడ్డా. వానలకు కాయలు నల్లవడ్డయి. నీకెందుకు, కొంటవా?"

అసలు సిసలు అత్తే అనుకుని సదానందం ఇద్దరినీ స్కానింగ్ గది వైపు పంపాడు.

సృజన బల్ల మీద పడుకుందో లేదో, ఆమని తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"సార్, పరేషానైతుంది. బాసర దేనికి, కొండగట్టు దేనికి? మీ సైగలు యాదికి లేవు. తప్పు చెప్తే ఎట్ల?"

వరండాలో దేవవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. సదానందానికి ఒళ్లు మండిపోయింది.

"నీకు చదువెవరు చెప్పిండ్రే! ఆడపిల్లయితే బాసర, మగపిల్లగాడయితే కొండగట్టు! గింత ముచ్చట యాదికుండదా?"

ఆమని లోపలికి పోయి, కాసేపటికి మళ్లీ వచ్చింది. "కొండగట్టు పోయి రా అవ్వా" అంది.

పొద్దుటి నుంచి కోడలికి గుక్కెడు నీళ్లయినా ఇవ్వని దేవవ్వ కొబ్బరిబోండం తేవడానికి పరుగందుకుంది. గుమ్మంలోనే పోలీసులు ఎదురయ్యారు.

సదానందం ఆమెకేసి గుడ్లురిమాడు. "పత్తి ముచ్చట చెప్పి ముంచినవా ముసల్దానా!"

దేవవ్వకు ఆ మాట వినపడనే లేదు. అప్పటికే ఇన్‌స్పెక్టర్ మేడం కాళ్ల మీద పడిపోయింది. "తప్పయింది బాంచెన్! నేనొద్దన్న, మా కోడలే తీస్కపొమ్మన్నది!"

సదానందానికి ప్రాణం లేచొచ్చింది. అంటే పేషెంటు దొంగది కాదన్నమాట. ఇంకేం, సాక్ష్యం చెప్పేవాళ్లే లేరు. చెమట తుడుచుకుని ఆమని వైపు వేలు చూపించాడు.

"నాకేం ఎరుక లేదు మేడం. అంతా గీ పిల్లనే చేసింది. ఏజెన్సీ నుంచి వచ్చింది, ఇయ్యాల ఉంటది, రేపు పోతది. అసలు గామె మా మనిషే కాదు."

"గది మాకూ ఎరుకే" అంటూ మేడం ఆమని అందించిన చిన్న రికార్డరు తీసుకుంది. "ఆమె మా మనిషి."