ఆడపడుచు ముద్ద

తమ్ముడు పోయాడని ఫోను వచ్చినప్పుడు నా చేతిలో మందు కొలిచే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంది.

దాని నిండా నీళ్లు. ముప్పై మిల్లీలీటర్లు. పావుగంట సేపు తాగాలి.

ఆపరేషనై అది ఐదో రోజు. బరువు తగ్గడానికి కడుపులో నాలుగింట మూడు వంతులు కోసి తీసేశారు.

ఆ కప్పు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

తమ్ముడు వెంకటాద్రికి రెండు కిడ్నీలూ పాడై రెండేళ్లు. వారానికి మూడుసార్లు నాగాయలంక నుంచి బందరు వచ్చి డయాలసిస్ చేయించుకునేవాడు.

రోజుకి ముప్పావు లీటరు మించి నీళ్లు తాగకూడదు. పడవలకి టన్నుల కొద్దీ ఐసు ఎత్తినవాడు, ఒక్క ఐసు ముక్క నోట్లో పెట్టుకుని గంట గడిపేవాడు.

నా కిడ్నీ వాడికి సరిపోతుందన్నారు. బరువే అడ్డం.

"నూట పన్నెండు కిలోలున్నారండీ. ఇలా ఉంటే తీసుకోలేం. ఎనభై ఐదుకి రండి, చూద్దాం," అన్నారు డాక్టరుగారు.

అందుకే ఈ ఆపరేషన్.

వాడికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు. పిత్తాశయంలో రాళ్లు తీశారని చెప్పాను. ఇంట్లో అందరికీ అదే చెప్పాను.

"ఎన్ని తీశారక్కా? పారెయ్యకు, వలకి బరువుగా కడదాం," అన్నాడు ఫోన్లో.

ఆ మర్నాడే గుండె ఆగిపోయింది.

చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నన్ను కార్లో నాగాయలంక తీసుకెళ్లారు. దారిలో ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. మూత తియ్యలేదు.

ఆ తర్వాత నీళ్లు గొంతు దిగడం మానేశాయి.

ఆసుపత్రిలో ఆహారం చెప్పే అమ్మాయి దీప్తి రోజూ ఫోను చేసేది.

"మేడం, నిన్న ఎంత తాగారు?"

"మూడు వందలు."

"లీటరున్నర చెప్పానండీ. ఇలాగైతే మళ్లీ చేర్చి సెలైన్ పెట్టాల్సి వస్తుంది. ఇంత కష్టపడి చేయించుకుని ఇప్పుడు వదిలేస్తారా?"

ఎందుకు చేయించుకున్నానో ఆ పిల్లకి తెలియదు.

పదకొండో రోజు పెద్దకర్మ. నాకింకా ద్రవాలే.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండుతారు. మొదటి ముద్ద ఇంటి ఆడపడుచు తినాలి. ఆమె తినేదాకా బంతిలో ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు.

పండుగప్ప పులుసు. రొయ్యల ఇగురు. పొగలు వస్తున్న అన్నం. యాభై మంది కూర్చున్నారు.

తమ్ముడి భార్య వీరలక్ష్మి ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది.

"తినకూడదమ్మా. పల్చటివే తాగమన్నారు."

"ఒక్క ముద్ద వదినా. ఆయన పేరు మీద."

"రాళ్లు తీస్తే అన్నం తినకూడదా?" అంది రామలక్ష్మి అత్త. "మీ మావయ్యకీ తీశారు. వారం తిరక్కుండా కోడిపలావు తిన్నాడు."

ఆ రాళ్లు నేను చెప్పినవే.

"ఏం కనకం, బందరెళ్లి టీచరువయ్యాక మన చేపల వాసన పడట్లేదా?" అన్నాడు పోతయ్య బాబాయి. "పిల్లలు ఆకలితో ఉన్నారు. కానివ్వమ్మా."

ఎవరో నవ్వారు. ఎవరో ఊరుకోమన్నారు.

వీరలక్ష్మి చెయ్యి దించలేదు. పులుసు ఆమె మోచేతి దాకా కారుతోంది.

ఆ ముద్ద తింటే లోపల కుట్లు తెగొచ్చు.

తెగితే తెగనీ అనిపించింది. ఇంక ఎనభై ఐదుకి వచ్చి ఎవరికి ఏమివ్వాలి?

నోరు తెరిచాను.

ఆమె భుజం మీదుగా తమ్ముడి ఫొటో కనిపించింది. ముందు విస్తరి వేశారు. పక్కన చెంబు పెట్టారు. పెద్ద చెంబు. అంచు దాకా నీళ్లు. రెండేళ్లుగా వాడు తాగలేనన్ని.

నోరు మూసుకున్నాను.

"వీరలక్ష్మీ, గంజి ఉందా?"

"గంజా?"

"ఈ అన్నం వార్చిందే. అదీ వాడి కోసం వండిందే కదా."

"ఇదెక్కడి చోద్యమే! ఆడపడుచుకి గంజి పోస్తారా?" అంది అత్త.

పోతయ్య బాబాయి విస్తరి వంక చూశాడు.

"అన్నంలోదేగా రామలక్ష్మీ. పొయ్యనీ," అన్నాడు.

వీరలక్ష్మి ముద్దని ఫొటో ముందున్న విస్తట్లో పెట్టి వెళ్లింది. గంజిని గుడ్డలో వడకట్టి గిన్నెతో తెచ్చింది. చెంచాతో నా నోట్లో పోసింది.

ఉప్పు లేదు. గోరువెచ్చగా ఉంది. కొంతసేపు నోట్లోనే ఉంచుకుని మింగాను.

యాభై చేతులు విస్తళ్లలోకి వెళ్లాయి.

వీరలక్ష్మి మాత్రం కదల్లేదు.

"రాళ్లు కాదు కదా వదినా?" అంది, నాకు మాత్రమే వినపడేలా.

పెదవులు తుడుచుకున్నాను.

నా ముఖంలోకి చూసింది. తగ్గుతున్న నడుము దాకా చూసింది. మళ్లీ ముఖంలోకి చూసింది. ఏమర్థమైందో, కింద కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుంది.

ఇంకో చెంచా పట్టింది. మింగాను.

మూడు బంతులు లేచాయి. అప్పటికి గిన్నె ఖాళీ అయింది.

అయిదింటికి దీప్తి ఫోను చేసింది.

"ఈరోజు ఎంతండీ?"

పొద్దుటి నుంచీ తాగినవన్నీ కలిపి చెప్పాను. అయిదు వందలు.

ఇంకా లీటరు తాగాలి.