గుప్తదానం

"రాజీనామా ఇచ్చేసి, అటునుంచి అటే ఊరేగింపుకి పోతాను," అన్నారు మా ఆయన, కాగితం జేబులో పెట్టుకుంటూ. ఇరవై ఏళ్ల గుమాస్తా ఉద్యోగం ఆయనది.

"ఇంకోసారి ఆలోచించుకోకూడదూ?"

"ఇది డబ్బున్నోళ్లు నడిపే ఉద్యమం కాదే. నిన్న సాయంత్రం సభలో అప్పటికప్పుడు అనుకున్నాం, ఇవాళ వీధుల్లోకి రావాలని. మొదట చెయ్యెత్తింది నేనే."

నేను ఒక పెద్ద కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తాను. ఆ మాట విని నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నిన్ననా? మా మేనేజరు మూడు రోజుల కిందటే చెప్పాడండీ, ఇవాళ ఊరేగింపుకి మూడు వేల అన్నం పొట్లాలు కట్టాలని."

"ఏ ఊరేగింపుకి?"

"మీదే. ముందే అనుకున్నారేమో అనుకున్నాను. పొట్లాల మీద కంపెనీ పేరు కనపడకూడదన్నాడు. గుప్తదానం కాబోలని దణ్ణం కూడా పెట్టుకున్నాను."

ఆయన మంచం మీద కూర్చున్నారు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. జేబులోని కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు.

ముక్కలు గుప్పిట్లో పట్టుకుని అడిగారు, "అయితే నువ్వెళ్లి వండుతావా?"

"వండకపోతే ఎలాగండీ? ఎండలో నడిచొచ్చే వాళ్ల ఆకలి ఎవరూ పురమాయించింది కాదుగా."