నెమలి రాని అద్దం

ఆ రోజు ఖాజాగూడ ఇంట్లో ఉన్నది నలుగురు: ఇంటామె సత్తెమ్మ, ఆమె చెల్లెలి కూతురు భూలక్ష్మి, కిటికీ లేని ముందుగది కిరాయికి తీసుకున్న ఇంజనీరు పార్థసారథి, పట్నం నుంచి జీపులో వచ్చిన ఆఫీసరు రామ్మోహనరావు. అయిదోది కంప్యూటరు. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే పార్థసారథి ఊరుకోడు.

అది డెబ్భై తొమ్మిది, ఎండాకాలం. యూనిక్స్ అనే కొత్త పద్ధతిలో నడిచే ఆ యంత్రం చేత ఎవరైనా బొమ్మ గీయించవచ్చంటూ పార్థసారథి తెలుగులో పుస్తకం రాశాడు. ఆఫీసరు నమ్మలేదు. యంత్రం ముఖమెరగని పిల్ల, పుస్తకం ఒక్కటే చూసి నాలుగింటిలోపు దానికున్న బొమ్మలు కనబడే అద్దం మీద నెమలిని తెప్పిస్తే పుస్తకం అచ్చవుతుందనీ, ఆ పిల్లకు పట్నంలో ఉద్యోగమనీ అన్నాడు. లేకపోతే ఆ పరీక్షకు కూర్చున్న భూలక్ష్మి రేపు మళ్లీ గుట్ట మీద కంకర కొట్టడానికి పోవాలి. పదో తరగతి పాసయినా దొరికిన పని అదే.

పార్థసారథిని సైగ కూడా చేయొద్దని అరుగు మీద కూర్చోబెట్టారు. ఆఫీసరు తలుపు వేయబోతే, వయసుపిల్ల మగమనిషితో మూసిన గదిలో ఎట్లుంటదని సత్తెమ్మ అడ్డం పడింది. తలుపులు బార్లా తీసి, గడప దగ్గర చాట ముందేసుకుని కూర్చుంది.

భూలక్ష్మి ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతికి నొక్కింది. యంత్రం టకటకా కాగితం మీద తప్పని కొట్టింది. చిన్న అక్షరం ఉండాల్సిన చోట పెద్దది పడిందట. దిద్దింది. మళ్లీ తప్పే, ఒక చుక్క జారిపోయింది. మూడోసారి కాగితం మీద ఏమీ రాలేదు. తప్పని కూడా అనలేదు.

"మాట్లాడుడే బంద్ చేసింది సార్," అంది భూలక్ష్మి.

"విసుగొచ్చి ఉంటుంది," అన్నాడు ఆఫీసరు, గడియారం చూసుకుంటూ.

తలుపులోంచి పడ్డ పడమటెండకు మెరిసే అద్దంలో ఆమె చెమట ముఖం, వెనక సత్తెమ్మ చాట తప్ప ఏమీ లేవు. యంత్రం ఏమీ అనకపోతే ఏం చేయాలో పుస్తకంలో లేదు. అరుగు వైపు చూసింది. పార్థసారథి తల తిప్పుకున్నాడు.

నాలుగయింది. ఇంకొక్కసారి అని ఆమె బతిమాలింది. ఆఫీసరు వినలేదు. బొమ్మ రాలేదని కాగితం రాసి, ఆమె చేత కూడా సంతకం పెట్టించుకుని జీపెక్కాడు.

జీపు రాయదుర్గం మలుపు తిరిగింది. సత్తెమ్మ చాట ఎత్తుకుని లేచింది. "గుట్ట ఏడికి పోతది బిడ్డా, ఆడనే ఉంటది," అనుకుంటూ వంటింట్లోకి పోయింది.

భూలక్ష్మి కుర్చీలోంచి కదల్లేదు. ఏడ్చే పిల్ల దారినపోయేవాళ్ల కంటబడకుండా పార్థసారథి, లోపలికి తొంగి కూడా చూడకుండా, తలుపు రెండు రెక్కలూ దగ్గరకు లాగి మూసేశాడు.

పడమటెండ పోయిన గదిలో, అద్దం మీద సన్నటి పచ్చగీతల నెమలి ఎప్పట్నుంచో నిలబడి ఉంది.