మాస్టరు నాలుక

బీరు తయారుచేసే మాస్టరు మూడోసారి గ్లాసెత్తి, కొత్త బ్రౌన్ ఏల్ బీరును నోట్లో పుక్కిలించాడు. పల్చగా, తేలిగ్గా గొంతులోకి జారింది. అంతవరకే తెలిసింది. మూడు నెలల కిందట జ్వరంతో పోయిన రుచీ వాసనా తిరిగి రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఏమంటావు మాస్టరూ? లారీ వచ్చేసింది," యజమాని గుమ్మంలోంచి తొందరపెట్టాడు.

"వేయించిన గింజల వాసన, చివర్లో కాస్త చేదు. బ్రహ్మాండంగా ఉంది సార్, పంపించేయండి."

పీపాలు కడుగుతున్న మాస్టరు భార్య చేతులు తుడుచుకుని వచ్చి, అదే గ్లాసులో ఒక గుక్క తాగింది.

"ఆపండి సార్! పుల్లబడి పాడైపోయింది."

యజమాని లారీ దగ్గరికి పరుగెత్తాడు. మాస్టరు భార్య వైపు తిరిగాడు.

"నా కొంప ముంచావు కదే! ఇక నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు?"

"ఉప్పెయ్యడం మరిచిపోయిన కూర లొట్టలేసుకుంటూ తిన్నారే, ఆ రోజే తెలిసిందండీ నాకు. అప్పట్నుంచీ ప్రతి పీపా మీకంటే ముందు నేనే రుచి చూస్తున్నా. తేడా ఉంటే మాటల మధ్యలో మీ చెవిన వేస్తున్నా. ఇవాళ ఆలస్యమైంది."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను."

మాస్టరు ఆమె చేతిలోని గ్లాసు తీసుకుని కింద పెట్టాడు. "సార్, ఒక్క నిమిషం," అంటూ లారీ వైపు నడిచాడు.