నాలుగు వేళ్ల నీళ్లు

"ఇదీ వద్దమ్మా. రేకు మరీ పల్చన. రాయి తగిలితే చిరిగిపోతుంది," అన్నాడు చిన్నోడు, అల్యూమినియం పడవ అడుగును వేలితో కొట్టి చూస్తూ.

పొద్దుటి నుంచి ఈ పడవల షెడ్డులో ఇది మూడో పడవ. మొదటిదానికి రివెట్లు వదులన్నాడు. రెండోది పక్కకి ఒరుగుతుందన్నాడు. వంకలు పెట్టడంలో కొత్త అల్లుణ్ణి మించిపోయాడు.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందట! పడవ నచ్చక కాదురా, నీకు వెతకడమే ఇష్టం లేదు," అంది తల్లి.



పెద్దోడు ఏటి వరదలో కొట్టుకుపోయి పదకొండు రోజులైంది. గాలింపు వాళ్ల మోటారు పడవ రెల్లు మొదలయ్యే దాకా పోయి, ఇసుకలో ఇరుక్కుని, వెనక్కి వచ్చేసింది. వారం తిరిగి వాళ్లూ చేతులెత్తేశారు. నడిచిపోదామని ఆవిడ బయల్దేరితే, ఊబి ఉందని చిన్నోడే అడ్డం పడ్డాడు. అందరూ ఆశ వదులుకున్నా ఆవిడ వదల్లేదు. పెద్దోడికి ఈత వచ్చు, పైగా మొండి ఘటం. ఆ రెల్లులో ఏ దిబ్బ మీదో కాలు విరిగి కూర్చుని, అమ్మ వస్తుందని ప్రాణం బిగబట్టుకుని ఉంటాడు. ఆవిడ నమ్మకం అది.

"తక్కువ నీళ్లకు ఇదే సరైనదమ్మా. అడుగు బల్లపరుపుగా ఉంటుంది," అన్నాడు పడవలు చేసేవాడు. "తొట్టిలో దించి చూపిస్తా. ఎంతమంది ఎక్కుతారు?"

"పోయేటప్పుడు ఇద్దరం. వచ్చేటప్పుడు ముగ్గురం."

పడవలవాడు చిన్నోడి వైపు చూశాడు. చిన్నోడు తల దించుకున్నాడు.

షెడ్డు వెనక సిమెంటు తొట్టిలో పడవ దించారు. తల్లీకొడుకుల్ని కూర్చోబెట్టి, మూడో మనిషికి బదులు మధ్యలో ఇసుక బస్తా వేశాడు పడవలవాడు.

"ఇంకో అర బస్తా వెయ్యి నాయనా. మా పెద్దోడు వీడిలా పుల్ల కాదు, నిండైన మనిషి," అంది తల్లి, బస్తా మీద చెయ్యి వేసి.

పడవలవాడు నీళ్లు తాకినచోట సుద్దతో గీత గీసి, వేళ్లు ఆనించి కొలిచాడు. "నాలుగు వేళ్లు. చీలమండ మునగని నీళ్లలో కూడా పోతుందమ్మా."

పదకొండు రోజుల తర్వాత తల్లి మొహంలో నవ్వు కనిపించింది. చిన్నోడు గబుక్కున షెడ్డులో ఉన్న పెద్ద పడవ వైపు చెయ్యి చూపాడు.

"అమ్మా, ఆ పెద్ద పడవ తీసుకుందాం. నిలకడగా ఉంటుంది."

"దాని అడుగు కోసుగా ఉంటుంది బాబూ, రెల్లులోకి పోదు," అన్నాడు పడవలవాడు. "మీరు పోవాల్సింది అక్కడికేగా?"

"అయితే ఇంకో నెల ఆగుదాం. నీళ్లు తీస్తాయి, తేలిగ్గా..."

"నెలా!" తల్లి పడవలోనే లేచి నిలబడింది. "తిండి లేకుండా వాడక్కడ నెలరోజులు ఉండాలా? వాడు రాకపోతే ఇల్లంతా నీ ఒక్కడిదే అవుతుందనేగా! ఛీ, మీరిద్దరూ ఒక్క కడుపునే పుట్టారా?"

పడవలవాడు ఇబ్బందిగా పక్కకి తిరిగాడు. చిన్నోడికి కళ్లనీళ్లు ఆగలేదు. ఒక్క ముక్క చెబితే ఆ నింద పోతుంది.  మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఏడుపొకటి! రేపు తెల్లారగానే బయల్దేరుతున్నాం. నువ్వు రాకపోతే నేనే తోసుకుంటూ పోతా. ఆ రెల్లులో జానెడు చోటు కూడా వదలను."

పడవలవాడు పొడుగాటి వెదురు గడ తెచ్చి చిన్నోడికి ఇచ్చాడు. "దీంతో అడుగు పొడుచుకుంటూ పో తమ్ముడూ. ఇసుక గుల్లగా తగిలితే ఆగి చూసుకో."

చిన్నోడు గడ అందుకున్నాడు.

మూడో రోజే ఒంటరిగా రెల్లులోకి నడిచిపోయి వెతికితే శవమై దొరికిన అన్నను, చేపలు తినేసిన ఆ ముఖం అమ్మ చూడకూడదని, అక్కడే పూడ్చి వచ్చింది చిన్నోడే.