డెస్మండ్ కాపలా

“ఈ కాలిపట్టా నీకేం అపకారం చేసింది, నోలీన్?” అన్నాడు డెస్మండ్, గుమ్మంలోని కొబ్బరిపీచు పట్టాను రెండు కాళ్లతో తొక్కిపట్టి.

“నిప్పురవ్వ పడితే ముందు అంటుకునేది అదే. జరుగు, డెస్.”

“లావెండర్ పొదలు పీకించావు. కట్టెల పేర్పు కంచె అవతలకి మోయించావు. కిటికీ పక్క యూకలిప్టస్ కొట్టించావు. ఇక కాళ్లు కూడా తుడుచుకోకూడదా?”

“బయట విదిలించుకో.”

ఆదివారం భోజనానికి వచ్చిన కూతురు కెర్రిన్ కారు దిగుతూనే ఈ గొడవ విన్నది. క్రితం వేసవిలో విక్టోరియా కొండల మీది అడవి అంటుకున్నప్పుడు ఊరంతా ముందే ఖాళీ చేసి వెళ్లిపోయింది. డెస్మండ్ మాత్రం, “మా నాన్న నిలబడ్డాడు, నేనూ నిలబడతా” అని నీళ్ల గొట్టం పట్టుకుని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. పక్క ఊరి హాల్లో నోలీన్ మోగని ఫోను చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇల్లు నిలిచింది. ఆయన కనుబొమలు పోయాయి. అవి మళ్లీ మొలిచేసరికి ఆయన చెప్పే ఆ కథ ఇంకా పొడుగైంది.

కెర్రిన్ వంటింట్లోకి వెళ్లి తల్లిని నిలదీసింది.

“నాన్నకి ధైర్యం నూరిపోస్తున్నది నువ్వేనమ్మా! చెక్క వరండా పీకించి సిమెంటు పలకలు వేయించావు. కిటికీలకి, చూరు సందులకి ఇనుప జాలీలు కొట్టించావు. ఇంత కోట కట్టాక ఆయన కదుల్తాడా? ఈసారి కనుబొమలతో పోకపోతే?”

“మంట ఇంట్లోకి రాకూడదు కదే,” అంది నోలీన్ బంగాళాదుంపలు కోస్తూ.

“నీకు నాన్నకంటే ఇల్లే ఎక్కువైపోయింది.”

“ఇల్లు ఎదురు చెప్పదు.”

కెర్రిన్ విసురుగా పెరట్లోకి వచ్చి తండ్రి మీద పడింది.

“ఈ వేసవిలో మాతో వచ్చేస్తావా, రావా?”

“ఎలా వస్తానే? మంటొస్తే ఇక్కడ బోలెడు పని. ముందు చూరుకున్న వాననీటి కాలవలో ఆకులు తీయాలి...” డెస్మండ్ తలెత్తి చూశాడు. కాలవ మీద కొత్త జాలీ. ఒక్క ఆకు లేదు. “సరే, వరండా తడపాలి.”

“సిమెంటు తడిపితే మొలకెత్తుతుందా, మామయ్యా?” అన్నాడు అల్లుడు బ్రెట్, నిప్పుల మీద సాసేజీలు తిరగేస్తూ.

“నువ్వు మాడ్చకుండా చూసుకో. కట్టెల మీద ఓ కన్నేసి ఉంచాలా వద్దా?”

“అవి కంచె అవతల ఉన్నాయిగా.”

డెస్మండ్ ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. ఎంత వెతికినా, ఆర్పడానికి ఒక గడ్డిపోచ కూడా దొరకలేదు.

భోజనాల దగ్గర ఆయన నోట పాత కథ రాలేదు. చాలాసేపు సాసేజీని అటూ ఇటూ దొర్లించి, మెల్లగా అన్నాడు.

“ఒక మాట. ఈసారి హెచ్చరిక రాగానే మీతోపాటు నేనూ వచ్చేస్తా. ఈ ఇంటికి ఇక నాతో పనిలేదు.”

కెర్రిన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఇంత కష్టపడి కోటలా మార్చిన ఇంటిని వదిలేస్తానంటే అమ్మ ఊరుకుంటుందా అని భయంభయంగా అటు చూసింది.

“సరే,” అంది నోలీన్. “సలాడ్ వేసుకో.”

ఆయన బట్టల సంచీని ఆవిడ ఈ పనులు మొదలుపెట్టిన రోజే సర్దేసింది.