తాళాలాయన

"అరగంట. ఒక్క అరగంట నాతో వచ్చి చర్చిలో కూర్చోండి. అంతకన్నా ఏమీ అడగను," అంది భార్య, సిమెంటు కొట్టు గుమ్మంలో నిలబడి.

"లారీ వచ్చి నిలబడింది, చూస్తున్నావుగా! ఆకాశం ఎలా ఉందో చూడు. బస్తాలు తడిస్తే రేపట్నుంచి నేను రాళ్ళ వ్యాపారం పెట్టుకోవాల్సిందే," అన్నాడు భర్త, ఆమె వైపు తిరగకుండానే.

"రేపు ఆసుపత్రిలో చేరుతున్నాను. గుండె ఆపరేషను."

"అందుకేగా అంత పెద్ద డాక్టరును పట్టుకున్నాను! నాకేం పట్టనట్టు మాట్లాడతావేంటి? ప్రార్థన సంగతంటావా, ఇద్దరి వంతూ నువ్వే చేసెయ్. అక్కడ నీ మాటకే చెల్లుబాటు ఎక్కువ."

ఆమె నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అందరూ అతన్ని తాళాలాయన అంటారు. కొట్టుకీ చర్చికీ మధ్య ఒకటే గోడ. పాస్టరు గారు దూరంలో ఉంటారు గనక, సంఘ పెద్దగా తాళంచెవి ఇతని జేబులోనే ఉంటుంది. పొద్దున్నే తీస్తాడు, చీకటి పడబోతుండగా వేస్తాడు. ఆదివారం అందరికన్నా ముందొచ్చి చర్చి తలుపు తెరుస్తాడు, అటు నుంచి అటే వెళ్ళి కొట్టు తెరుస్తాడు. గోడ అవతల పాటలు చెవిన పడుతూనే ఉంటాయి కదా, ఇక బెంచీ మీద కూర్చుంటే అదనంగా ఒరిగేదేముంది అని అతని లెక్క.

సగం సరుకు దిగేసరికి వెలుతురు తగ్గింది. కూలీలను తొందరపెట్టి, తాళాలాయన పరుగున చర్చికి వెళ్ళాడు. గుమ్మం బయటి నుంచే రెండు తలుపులూ లాగి, తాళం నొక్కి, వెళ్ళిన కాళ్ళతోనే తిరిగి వచ్చాడు. లోపలికి తొంగి చూడలేదు. ఏనాడూ చూడలేదు. ఆ వేళకి లోపల ఎవరుంటారు?

కొట్లోకి అడుగు పెడుతుంటే ఫోను మోగింది. చెల్లెలి ఆపరేషను కోసమని వచ్చి ఇంట్లో ఉన్న వదిన, భార్య అక్క.

"మరిది గారూ, చెల్లెలు మీ దగ్గరే ఉందా?"

"ఇంకా ఇంటికి రాలేదా? ఇక్కణ్ణుంచి ఎప్పుడో బయల్దేరిందే!"

"రాలేదు. ఫోను కూడా ఇక్కడే వదిలి వెళ్ళింది."

"ఏ పనిమీదో బజారుకి వెళ్ళుంటుంది లెండి."

"రేపు గుండె కోయించుకునే మనిషికి ఇవాళ బజారులో పనేంటండీ? మీరేమన్నా అన్నారా దాన్ని?"

అతను ఫోను పెట్టేశాడు. మందుల షాపులో అడిగాడు. బస్సు ఆగేచోట చూశాడు. తెలిసినవాళ్ళ ఇళ్ళకు ఫోన్లు చేశాడు. ఎక్కడా లేదు. చర్చికైతే తానే తాళం వేసి వచ్చాడాయె. అలసిపోనివ్వకండి, మనసు కష్టపెట్టకండి అని డాక్టరు మరీ మరీ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఏ వీధిలోనైనా పడిపోయి ఉంటే?

చినుకులు మొదలయ్యాయి. తిరిగొస్తున్న అతన్ని చూసి లారీ డ్రైవరు కేకేశాడు.

"షావుకారు గారూ! మిగతావి దించమంటారా, కప్పేసి ఉంచమంటారా?"

"నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో!"

డ్రైవరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఒక్క బస్తా పక్కకి ఒరిగినా ఊరుకోని మనిషి నోట ఆ మాట!

తాళాలాయన చర్చి ముందు నుంచి ఆసుపత్రి వైపు పరుగెత్తబోయి, చటుక్కున ఆగాడు. మెట్టు మీద ఒక జత చెప్పులు. ఎడమ దానికి పట్టీ తెగితే సన్న తీగ చుట్టి ఉంది. కుట్టించుకు రమ్మని ఆమె చెప్పి చాలా రోజులైంది. ఇందాక వాటిని దాటుకునే వెళ్ళి తాళం వేశాడు.

రోజూ చూడకుండా తీసే తాళం. ఇప్పుడు చూస్తున్నా తాళంచెవి రంధ్రంలోకి దూరదు. ఎలాగో తలుపు తోసి లోపలికి పడ్డాడు. మసక చీకట్లో ముందు బెంచీ మీదికి తల వాల్చి ఆమె కదలకుండా ఉంది.

"ఏమే!"

పలకలేదు. మోకాలికి బెంచీ కొట్టుకున్నా ఆగకుండా వెళ్ళి భుజం పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ఆమె తలెత్తింది.

"వచ్చారా?"

"ప్రాణాలు తోడేశావు కదే! గోడకవతలే ఉన్నాను, ఒక్క కేక వెయ్యలేకపోయావా? తలుపు బాదలేకపోయావా?"

"కూర్చోండి."

అతను కూర్చోలేదు. ఉన్నచోటే మోకాళ్ళ మీదికి జారిపోయాడు. ఎలాంటివాణ్ణయినా మాటలతో ఒప్పించి పంపే మనిషికి ఇక్కడ మొదటి మాటే దొరకలేదు. ఇది ఇస్తాను, అది చేస్తాను అని బేరం పెట్టబోయి, పెట్టడానికి తన దగ్గర ఏముందో తెలియక ఆగిపోయాడు.

"ప్రభువా..." అన్నాడు. తల వంచి, "ఈ మనిషిని నాకు ఉంచు," అన్నాడు.

ఆమె అతని చేతిని పట్టుకుంది. పైకప్పు మీద వాన దబదబా కొడుతోంది. అతనికి బస్తాలు గుర్తు రాలేదు. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో, అరగంట మాత్రం ఎప్పుడో దాటిపోయింది.

"పదండి, అక్కయ్య కంగారు పడుతుంటుంది. ముందు వైపు జల్లు కొడుతోంది, ఇలా రండి," అంటూ ఆమె లేచి వేదిక పక్కకి నడిచింది. అక్కడ ఒక చిన్న తలుపు. గడియ తీసి తోసింది. చల్లగాలి లోపలికి వచ్చింది.

అతను నిలబడిపోయాడు. "ఈ తలుపు ఎప్పుడు పెట్టారు?"

"పోయినేడాది. సిమెంటు మీరే పంపారు."

"దీనికి బయట తాళం లేదా?"

"లేదు. లోపలి గడియ ఒక్కటే."

"మరి ఇంతసేపూ లోపలే ఎందుకు కూర్చున్నావు?"

"నేను బయటికి వచ్చేస్తే, మీరు లోపలికి ఎందుకొస్తారండీ?"